పొరుగు సేవల సిబ్బంది పన్ను హోదా: హైదరాబాద్ పాతబస్తీ ప్రభుత్వ సంస్థల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ప్రభుత్వ ఆసుపత్రులు, కళాశాలలు, మ్యూజియంలు, మునిసిపల్ కార్యాలయాలలో ఏజెన్సీల ద్వారా పనిచేసేవారి ఆదాయం పన్ను చట్టం దృష్టిలో జీతమా, కాంట్రాక్టు చెల్లింపా, వృత్తి రుసుమా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆదాయపు పన్ను చట్టంలోని 192, 194సి, 194జె సెక్షన్లు, వస్తుసేవల పన్ను మినహాయింపులు, న్యాయస్థానాల తీర్పులు దీనికి ఆధారాలు. బ్రిటన్‌లోని ఐఆర్35 నిబంధనలతో పోల్చినప్పుడు ఇక్కడి సమస్య తలకిందులుగా కనిపిస్తుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: పొరుగు సేవలు, టి.డి.ఎస్., ఉద్యోగి హోదా, ప్రధాన యజమాని, జి.ఎస్.టి., ఐఆర్35, పాతబస్తీ.

1. ఉపోద్ఘాతం

మూసీనదికి ఉత్తరపు గట్టున అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. నయాపూల్ దాటితే హైకోర్టు, సిటీ కళాశాల, దారుల్‌షిఫాలో సాలార్ జంగ్ మ్యూజియం. ఇంకొంచెం ముందుకు నడిస్తే చార్మినార్ పక్కనే నిజామియా టిబ్బీ కళాశాల, యునానీ ఆసుపత్రి. కాలినడకన చుట్టిరాగల ఈ కొద్దిపాటి దూరంలో ప్రభుత్వం అనే మాటకు ఉన్న రూపాలన్నీ కనిపిస్తాయి. ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ శాఖ కింద నడుస్తుంది. మ్యూజియం 1961 నాటి పార్లమెంటు చట్టం కింద ఏర్పడిన స్వయంప్రతిపత్తి సంస్థ. వీధులు ఊడ్చే బాధ్యత స్థానిక సంస్థది. ఇటువంటి సంస్థలలో కాపలా, పారిశుద్ధ్యం, డేటా ఎంట్రీ, ప్రయోగశాల పనులు చేసేవారిలో ఎందరో ఆ సంస్థ ఉద్యోగులు కారు. మధ్యలో ఒక ఏజెన్సీ ఉంటుంది.

పేర్ల గురించి ఒక మాట. ప్రభుత్వ ఉత్తర్వులలో ఈ మధ్యవర్తిని ‘అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ’ అంటారు. పత్రికలు ‘పొరుగు సేవలు’ అన్న మాటను స్థిరపరిచాయి. జనవ్యవహారంలో మాత్రం అది ‘కన్సల్టెన్సీ’. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చూపించే దుకాణానికీ, ఆసుపత్రికి వార్డుబాయిలను పంపే సంస్థకూ ఒకే పేరు. ఈ కలగాపులగం మాటలకే పరిమితమైతే ఇబ్బంది లేదు. ‘కన్సల్టెన్సీ ద్వారా వచ్చినవాడు’ క్రమంగా ‘కన్సల్టెంట్’గా మారి, అతని జీతం ‘రుసుము’గా మారినప్పుడు అది పన్ను సమస్య అవుతుంది.

2. ఒకే పని, మూడు సెక్షన్లు

ఇక్కడ రెండు చెల్లింపులు ఉన్నాయి. మొదటిది ప్రభుత్వ సంస్థ ఏజెన్సీకి చేసేది. రెండవది ఏజెన్సీ మనిషికి చేసేది. చర్చలలో ఈ రెండూ తరచు కలిసిపోతుంటాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటి చెల్లింపుకు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 194సి సెక్షన్ వర్తిస్తుంది. 1972లో చేర్చిన ఈ సెక్షన్‌లో ‘పని’ అంటే ఆ పని కోసం కూలీలను సమకూర్చడం కూడా అని స్పష్టంగా ఉంది. ఏజెన్సీ యజమాని వ్యక్తి అయితే 1 శాతం, కంపెనీ లేదా భాగస్వామ్య సంస్థ అయితే 2 శాతం మూలంలోనే కోస్తారు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1995 ఆగస్టు 8న ఇచ్చిన 715వ నంబరు సర్క్యులర్‌లో ఒక ఆసక్తికరమైన ప్రశ్న ఉంది. ఎలక్ట్రీషియన్‌ను కాంట్రాక్టర్ ద్వారా రప్పించుకొంటే అది సాంకేతిక సేవా, కాంట్రాక్టు పనా అన్నది ఆ ప్రశ్న. కాంట్రాక్టు పనే, 194సి వర్తిస్తుందని బోర్డు సమాధానం. మూడు దశాబ్దాల నాటి ఈ జవాబు నేటికీ మంచి దారిదీపం.

చిక్కు రెండవ చెల్లింపులోనే ఉంది. ఏజెన్సీ తాను పంపిన మనిషికి నెలనెలా ఇచ్చే మొత్తాన్ని మూడు విధాలుగా చూపే అవకాశం ఉంది. జీతమని చూపితే 192 సెక్షన్. అప్పుడు ఏడాది ఆదాయాన్ని అంచనా వేసి, పన్ను పడేంత ఆదాయం ఉంటేనే కోత విధించాలి. ఉపకాంట్రాక్టు అని చూపితే 194సి, 1 శాతం. వృత్తి రుసుమని చూపితే 194జె, 10 శాతం. మనిషి చేసే పని మూడింటిలోనూ అదే, వచ్చిపోయే వేళలూ అవే, హాజరుపట్టీ కూడా అదే. మారేది ఏజెన్సీ లెక్కల గుమాస్తా త్రైమాసిక పత్రంలో నింపే ఒక్క గడి.

194జెలో ‘వృత్తి సేవలు’ అన్న మాటకు హద్దులున్నాయి. న్యాయవాద, వైద్య, ఇంజనీరింగ్, వాస్తుశిల్ప, అకౌంటెన్సీ వృత్తులు, సాంకేతిక సలహా, గృహాలంకరణ, ప్రకటనల రంగం, వీటికి తోడు బోర్డు నోటిఫై చేసిన మరికొన్ని మాత్రమే ఆ జాబితాలో ఉన్నాయి. బోధన అందులో లేదు. గంటల లెక్కన పాఠం చెప్పే అతిథి అధ్యాపకుని పారితోషికం నుంచి 194జె పేర 10 శాతం కోసేవారు, తాము ఏ మాటను ఆధారం చేసుకొంటున్నారో చెప్పవలసి ఉంటుంది. డేటా ఎంట్రీ ఆపరేటర్ విషయంలో ఈ ప్రశ్న మరింత బలమైనది.

3. అంకెలలో తేడా

తెలంగాణ ఆర్థిక శాఖ 2021 జూన్ 11న ఇచ్చిన 60వ నంబరు జి.ఓ. పొరుగు సేవల సిబ్బందికి మూడు శ్రేణులుగా నెలకు 15,600, 19,500, 22,750 రూపాయలు నిర్ణయించింది. మూడవ శ్రేణిని తీసుకొందాం. ఏడాదికి 2,73,000. 2025–26 ఆర్థిక సంవత్సరంలో కొత్త పన్ను విధానం కింద 4 లక్షల వరకు పన్ను లేదు. అంటే ఈ వ్యక్తి కట్టవలసిన ఆదాయపు పన్ను సున్న. జీతంగా చూపితే కోత కూడా సున్నే.

అదే మొత్తాన్ని 194సి కింద చూపితే ఏడాదికి 2,730 రూపాయలు కోతకు పోతాయి. 194జె కింద చూపితే నెలకు 2,275, ఏడాదికి 27,300. ఒక నెల జీతానికి మించిన మొత్తం ప్రభుత్వం దగ్గర వడ్డీ లేని అప్పుగా ఏడాదిపాటు ఉండిపోతుంది. పాన్ వివరాలు సరిగా ఇవ్వకపోతే 206ఎఎ సెక్షన్ ప్రకారం కోత 20 శాతానికి చేరుతుంది. బ్యాంకు వడ్డీ విషయంలో 15జి ఫారం ఇచ్చి కోతను ఆపుకొన్నట్లు ఇక్కడ కుదరదు, ఎందుకంటే 194సి, 194జె చెల్లింపులకు ఆ ఫారం వర్తించదు. 197 సెక్షన్ కింద తక్కువ కోత ధ్రువపత్రం కోసం ఆదాయపు పన్ను అధికారికి దరఖాస్తు చేయడం ఒక్కటే మార్గం. నెలకు ఇరవై వేల చిల్లర సంపాదించే మనిషి ఆ దరఖాస్తు దాకా వెళ్తాడని ఆశించడం అత్యాశ.

ఇందులో మరో విడ్డూరం ఉంది. 2022 ఏప్రిల్‌లో తెచ్చిన 12ఎబి నియమం ప్రకారం ఏడాదిలో టి.డి.ఎస్. 25,000 రూపాయలకు చేరితే, ఆదాయం పరిమితిలోపే ఉన్నా రిటర్ను దాఖలు చేయడం తప్పనిసరి. పై లెక్కలో 27,300 ఆ గీతను దాటింది. పన్నే పడని వ్యక్తిపై రిటర్ను బాధ్యత పడింది, అది కూడా ఏజెన్సీ ఎంచుకొన్న ఒక సెక్షన్ వల్ల. రెండవ శ్రేణిలో 19,500 పొందేవారికి కోత 23,400 కనుక ఆ నిర్బంధం లేదు. అయితే రిటర్ను వేయకపోతే ఆ డబ్బు తిరిగి రాదు.

నష్టం ఆదాయపు పన్నుతో ఆగదు. జీతంగా చూపిన మొత్తానికి 75,000 రూపాయల ప్రామాణిక తగ్గింపు ఉంది. రుసుముకు లేదు. జీతగానికి ఫారం 16 వస్తుంది. రుసుము పొందినవారికి వచ్చేది 16ఎ. బ్యాంకు గృహరుణానికీ, అద్దె ఇంటికీ అడిగేది మొదటిదే. రాష్ట్ర వృత్తి పన్ను సంగతి కూడా ఇంతే. జీతం 15,000 దాటి 20,000 వరకు ఉంటే నెలకు 150, ఆపైన 200 చొప్పున యజమానే కోసి కట్టాలి. స్వయం ఉపాధి అన్నప్పుడు ఆ నమోదు బాధ్యత మనిషిపైనే పడుతుంది. భవిష్యనిధి, ఈ.ఎస్.ఐ. హక్కులు చట్టప్రకారం పన్ను సెక్షన్‌పై ఆధారపడవు. కాని మనిషిని ‘వృత్తి నిపుణుడు’గా చూపే ఏజెన్సీ ఆ ఖాతాలు తెరవకపోవడానికి అదే సాకు అవుతుంది. నెలకు 21,000 వరకు జీతం పొందేవారికి ఈ.ఎస్.ఐ. వర్తిస్తుంది కనుక మొదటి రెండు శ్రేణులవారికి ఇది వైద్యానికి సంబంధించిన ప్రశ్న.

ఇప్పుడు నిచ్చెన పైమెట్టు చూద్దాం. నెలకు 2 లక్షలు పొందే ఒక స్పెషలిస్టు వైద్యుడు ఉన్నాడనుకొందాం. ఏడాదికి 24 లక్షలు. అది జీతమైతే ప్రామాణిక తగ్గింపు పోగా 23.25 లక్షలపై, సెస్సుతో కలిపి 2,92,500 రూపాయల పన్ను. అదే వృత్తి రుసుమైతే 44ఎడిఎ సెక్షన్ ప్రకారం సగాన్నే ఆదాయంగా చూపవచ్చు. 12 లక్షల ఆదాయానికి 87ఎ రిబేటు వల్ల పన్ను సున్న. కోసిన 2,40,000 కూడా వెనక్కి వస్తుంది. ఒకే పేరుపలక పైవానికి దాదాపు మూడు లక్షల లాభం, కిందివానికి ఏడాదికోసారి నెల జీతం ఇరుక్కుపోయే నష్టం. పన్ను హోదా గురించి మాట్లాడేటప్పుడు ఎవరి హోదా అని ముందుగా అడగవలసింది ఇందుకే.

4. న్యాయస్థానాల కొలబద్దలు

ఎవరు ఉద్యోగి అన్న ప్రశ్నకు ఆదాయపు పన్ను చట్టం సొంత నిర్వచనం ఇవ్వలేదు. కార్మిక చట్టాల తీర్పులనే అరువు తెచ్చుకొంటుంది. ఏం చేయాలన్నదే కాక ఎలా చేయాలో కూడా ఆదేశించే హక్కు ఎవరిదన్న కొలబద్దను సుప్రీంకోర్టు 1956లో ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ కేసులో స్థిరపరిచింది. ఆ కొలబద్ద ఒక్కటే చాలదని చెప్పిన తీర్పు మన ప్రాంతం నుంచే వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ దుకాణాల, సంస్థల చట్టానికి సంబంధించిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో 1973లో జస్టిస్ కె.కె. మాథ్యూ తీర్పు రాశారు. దర్జీలకు కూలి కుట్టిన బట్టల లెక్కన ముట్టేది. కొన్నిసార్లు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. అయినా మిషన్లు దుకాణానివి, కుట్టు నచ్చకపోతే తిప్పికొట్టే హక్కు యజమానిది కనుక వారు ఉద్యోగులేనని కోర్టు నిర్ణయించింది. ఇంటింటా కుట్టుపని, జరీపని సాగే పాతబస్తీ పాఠకులకు ఈ తీర్పు ప్రాముఖ్యం వేరే చెప్పనక్కరలేదు.

మధ్యలో ఏజెన్సీ ఉన్నప్పుడు యజమాని ఎవరు? ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ అథారిటీ కేసులో (2009) సుప్రీంకోర్టు ఒక సున్నితమైన భేదం చూపింది. కూలీలను సమకూర్చే ఒప్పందంలో వారు ప్రధాన యజమాని ఆదేశాల కింద పనిచేయడం సహజమే. అంతమాత్రాన అతని ఉద్యోగులు కారు. జీతం ఇచ్చేదీ, ఎక్కడికి పంపాలో నిర్ణయించేదీ, అంతిమ అజమాయిషీ చేసేదీ కాంట్రాక్టరే అయితే యజమాని అతడే. ఈ తీర్పును సాధారణంగా కార్మికునికి ప్రతికూలంగా చదువుతారు. పన్ను దృష్టితో చదివితే మరో అర్థం వస్తుంది. ఏజెన్సీయే యజమాని అయితే, అతడిచ్చేది జీతమే, 192 తప్ప మరో సెక్షన్‌కు చోటు లేదు. ప్రభుత్వ సంస్థ ముందు ‘వీరు మా ఉద్యోగులు’ అని బిల్లు పెట్టి, పన్ను శాఖ ముందు ‘వీరు స్వతంత్ర వృత్తి నిపుణులు’ అని పత్రం నింపడం ఒకదానితో ఒకటి పొసగదు.

మన హైకోర్టు పరిధిలో పన్నుకు నేరుగా సంబంధించిన తీర్పు యశోదా సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కేసు (2014). కన్సల్టెంట్ వైద్యులకు ఇచ్చినది జీతమని, 192 కింద కోయవలసిందని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. భవిష్యనిధి, గ్రాట్యుటీ వంటివి లేవు కనుక వారు ఉద్యోగులు కారని, 194జె సరైనదేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంగీకరించింది. అక్కడ మధ్యవర్తి లేడు. వృత్తి కూడా జాబితాలో ఉన్నదే. కనుక ఆ తీర్పును వార్డుబాయికీ ఆపరేటర్‌కూ అన్వయించడం తగదు. అంతకన్నా ముఖ్యంగా, భవిష్యనిధి లేదు కనుక ఉద్యోగి కాదన్న తర్కం జీతం తక్కువవారి విషయంలో చక్రంలా తిరుగుతుంది. ఖాతా తెరవకపోవడమే ఏజెన్సీ చేసిన ఉల్లంఘన అయినప్పుడు, అదే దానికి సాక్ష్యం ఎలా అవుతుంది?

ఇటువంటి వివాదాలన్నీ పై మెట్టు నుంచే ఎందుకు వచ్చాయో గమనించాలి. తక్కువ కోసినవారిని 201 సెక్షన్ కింద శాఖ నిలదీస్తుంది. ఎక్కువ కోసినవారిని నిలదీయవలసిన అవసరం దానికి లేదు. ఖజానాకు నష్టం లేదు కదా! అందుచేత సున్న పడవలసిన చోట 10 శాతం పడినవారి గురించి తీర్పుల సంపుటాలలో వెదికినా ఫలితం స్వల్పం. ఫిర్యాదీ లేని తప్పు ఇది.

5. ఐఆర్35: తలకిందులైన బొమ్మ

బ్రిటన్‌లో ఇదే ప్రశ్న పాతికేళ్లుగా నలుగుతోంది. అక్కడి పన్ను శాఖ 1999 మార్చిలో విడుదల చేసిన 35వ నంబరు పత్రికా ప్రకటన నుంచి ‘ఐఆర్35’ అన్న పేరు నిలిచింది. నిబంధనలు 2000 ఏప్రిల్ 6న అమలులోకి వచ్చాయి. ఉద్యోగిలా పనిచేస్తూ సొంత కంపెనీ పేర బిల్లులు పెట్టి పన్ను తగ్గించుకొనేవారిని పట్టుకోవడం వాటి ఉద్దేశం. ఐటి కాంట్రాక్టర్లు, జాతీయ ఆరోగ్య సేవలో తాత్కాలిక వైద్యులు దీని పరిధిలోకి వచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

తొలుత తన హోదాను కాంట్రాక్టరే నిర్ణయించుకొనేవాడు. 2017 ఏప్రిల్ 6 నుంచి ప్రభుత్వ సంస్థల విషయంలో ఆ బాధ్యతను, పని చేయించుకొనే సంస్థ మీదికి మార్చారు. 2021 ఏప్రిల్ 6న మధ్యతరహా, పెద్ద ప్రైవేటు సంస్థలకూ దాన్ని విస్తరించారు. హోదా నిర్ణయాన్ని కారణాలతో సహా రాతపూర్వకంగా కాంట్రాక్టరుకు ఇవ్వాలి. అతడు విభేదిస్తే 45 రోజులలో జవాబు చెప్పాలి.

అక్కడి భయం ఉద్యోగి స్వతంత్రుడిగా వేషం వేసుకొంటాడని. మన దగ్గర కిందిమెట్టు మనిషికి ఆ వేషాన్ని మరొకరు వేస్తున్నారు, దాని ఖర్చు అతడు భరిస్తున్నాడు. అందువల్ల ఐఆర్35ను యథాతథంగా తెచ్చుకొంటే ప్రయోజనం లేదు. అయితే అందులో ఒక అంశం మాత్రం మనకు కావలసినది. హోదా నిర్ణయించే బాధ్యత ఎవరిదో చట్టం పేరుపెట్టి చెప్పడం, ఆ నిర్ణయం మనిషి చేతికి కాగితంగా అందడం. మన చట్టంలో 192, 194జె మధ్య ఎంపికను ఎవరూ ఎవరికీ వివరించవలసిన పని లేదు. 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టుకొన్న 2025 ఆదాయపు పన్ను చట్టం జీతాల కోతను 392లోనూ, మిగతా కోతలను 393లోనూ సర్దింది. అంకెలు మారాయి, ఈ ఖాళీ మారలేదు.

6. వస్తుసేవల పన్ను: ఖర్చు ఎవరి పద్దులో?

ఏజెన్సీ బిల్లుపై జి.ఎస్.టి. 18 శాతం. అది ఏజెన్సీ కమీషన్‌పై మాత్రమే కాదు, జీతాలు కలిసిన మొత్తంపై. 2017 నాటి 12వ నోటిఫికేషన్‌లోని మూడవ పద్దు, రాజ్యాంగంలోని 243జి, 243డబ్ల్యు అధికరణాల కిందికి వచ్చే విధుల కోసం ప్రభుత్వానికీ స్థానిక సంస్థలకూ అందించే కేవల సేవలను మినహాయించింది. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం పన్నెండవ షెడ్యూలులో ఉన్నాయి. కనుక మునిసిపల్ పారిశుద్ధ్యానికీ, ప్రభుత్వ ఆసుపత్రికీ మినహాయింపు వాదన బలమైనది.

మొదట్లో ప్రభుత్వ ప్రాధికార సంస్థలకు కూడా ఈ మినహాయింపు ఉండేది. 2021 నవంబరు 18 నాటి 16వ నోటిఫికేషన్ 2022 జనవరి 1 నుంచి వాటిని తొలగించింది. పార్లమెంటు లేదా శాసనసభ చట్టంతో ఏర్పడిన సంస్థలు ఆ నిర్వచనంలోకి వస్తాయి. 90 శాతం ప్రభుత్వ భాగస్వామ్యం అన్న షరతు చట్టంతో ఏర్పడిన సంస్థలకు వర్తించదని, ప్రభుత్వం స్థాపించిన సంస్థలకే పరిమితమని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో షాపూర్‌జీ పల్లోంజీ కేసులో, సేవాపన్ను సందర్భంలో తేల్చింది. ఈ నిర్వచనాన్ని బట్టి చూస్తే మూసీకి ఒక గట్టున ఉన్న ఆసుపత్రికి ఊడ్చేవారిని పంపితే పన్ను లేదు, అవతలి గట్టున చట్టంతో ఏర్పడిన మ్యూజియానికి అదే ఏజెన్సీ అదే పనికి మనిషిని పంపితే 18 శాతం. డిగ్రీ కళాశాలలది మరో రకం చిక్కు. కాపలా, శుభ్రత సేవలకు విద్యాసంస్థల పేర ఉన్న మినహాయింపు ఇంటర్మీడియట్ స్థాయితో ఆగిపోతుంది.

పన్ను పడే చోట్ల, కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే ప్రభుత్వ సంస్థ 2018 అక్టోబరు 1 నుంచి జి.ఎస్.టి. పేర మరో 2 శాతం కోస్తోంది. ఆదాయపు పన్ను 2 శాతం దీనికి అదనం. ఏజెన్సీ మిగులు సన్నగా ఉన్నప్పుడు ఈ కోతలు, బిల్లుల ఆలస్యం కలిసి చివరకు జీతాల తేదీపైనే పడతాయి. బడ్జెట్‌లో కేటాయించిన మొత్తం మారకుండా పన్ను భారం పెరిగితే తగ్గేది మనుషుల సంఖ్య.

7. చేయదగినవి

పొరుగు ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు మధ్యవర్తుల స్థానంలో ఆప్కాస్ పేర ప్రభుత్వ కార్పొరేషన్‌ను ఏర్పాటు చేసి 2020 జూలై 3న ప్రారంభించారు. దాని మంచిచెడ్డల చర్చ వేరు. చెల్లించేవాడు ఒక్కడే అయినప్పుడు పన్ను సెక్షన్ ఏజెన్సీకొక తీరుగా ఉండే అవకాశం తగ్గుతుందన్నది ఇక్కడ ప్రస్తుతం. తెలంగాణలో అంతదాకా పోకుండానే, టెండరు షరతులలో ఒక వాక్యం చేర్చి చాలా దూరం వెళ్లవచ్చు: ఏజెన్సీ తన సిబ్బందికి చెల్లించేదాన్ని జీతంగానే చూపాలి, అందుకు భిన్నమైన సెక్షన్ ఎంచుకొంటే కారణాన్ని ఆ వ్యక్తికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నెలవారీ బిల్లుతో పాటు భవిష్యనిధి చలానా అడిగే కార్యాలయం, త్రైమాసికానికోసారి టి.డి.ఎస్. పత్రం ప్రతిని కూడా అడగగలదు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు.

పరిశోధక ప్రాజెక్టులలో, అతిథి బోధనలో ఉన్నవారు ఆదాయపు పన్ను పోర్టల్‌లోని 26ఎఎస్‌ను ఏడాది చివర కాక మూడునెలలకోసారి చూసుకోవడం మేలు. అందులో తమ పేర 194జె కనిపిస్తే, కోసిన సంస్థ సవరణ పత్రం దాఖలు చేసి సరిదిద్దగలదు. కోత కోసి ఖజానాకు కట్టకపోయిన ఏజెన్సీల విషయంలో 205 సెక్షన్ రక్షణ ఉంది. ఆ మేరకు పన్నును శాఖ మళ్లీ ఆ వ్యక్తి నుంచి వసూలు చేయరాదు. అయితే ఆచరణలో రిటర్నులను పరిశీలించే కంప్యూటర్ 26ఎఎస్‌లో లేని మొత్తానికి జమ ఇవ్వదు. కోత చూపిన జీతం చీటీ, బ్యాంకు ఖాతా వివరాలు జతచేసి, పరిధిలోని అధికారికి రాతపూర్వకంగా విన్నవించుకోవలసి ఉంటుంది. అందుకే ప్రతి నెల జీతం చీటీని అడిగి తీసుకొని దాచుకోవాలి. చీటీ ఇవ్వని ఏజెన్సీని, ప్రధాన యజమాని అయిన ప్రభుత్వ కార్యాలయానికి లేఖ రాసి ఇప్పించమని కోరవచ్చు.